నిశ్చయం ఉన్నవారికే యూరియా

ఎక్కడో రాజధానిలో పెద్ద చదువులు చదివినవాళ్లు కొందరు కూడి, కౌలు రైతు ఎరువు ఎప్పుడు వేస్తాడు, ఎంత వేస్తాడు, ఎందుకు వేస్తాడు అని ఏళ్ల తరబడి పరిశోధన చేశారు. చేసి చివరికి తేల్చిందేమిటంటే, వాన పడుతుందో లేదో, కాలవకు నీళ్లు వదులుతారో లేదో, ధాన్యానికి ధర ఉంటుందో లేదో, వచ్చే ఏడు పొలం తన చేతిలో ఉంటుందో ఊడుతుందో తెలియని అయోమయంలోనే కౌలు రైతు ఎరువు వేస్తున్నాడని. ఈ సంగతి కనిపెట్టినందుకు వాళ్లకు శాలువాలు కప్పారు. అంతటితో ఆగితే బాగానే ఉండేది. నివేదిక చివర్న, ఈ అనిశ్చితిని తగ్గిస్తే మేలని ఒక వాక్యం రాసిపెట్టారు.

ఆ వాక్యాన్ని ఎరువుల శాఖవారు బల్ల మీద పెట్టుకుని తర్జనభర్జన పడ్డారు. వానలో ఉన్న అనిశ్చితి వాతావరణం వాళ్లది. కాలవలోది నీటిపారుదల వాళ్లది. ధరలోది మార్కెట్ వాళ్లది. పొలం ఆసామి మనసులోది ఏ శాఖకూ చెందదు. మరి తమ పరిధిలోకి వచ్చే అనిశ్చితి ఎక్కడుంది? రైతులో ఉంది. రైతులోంచి దాన్ని తీసేస్తే సరిపోతుందని ఏకగ్రీవంగా తీర్మానించుకుని, జీడిపప్పు పకోడీలు తిని లేచారు.

కొన్నాళ్లకు ఊళ్లలోకి ఉత్తర్వు దిగింది. "ఇందుమూలముగా సమస్త రైతాంగమునకు తెలియజేయునది ఏమనగా, మనస్సునందు అనిశ్చితి కలిగిన ఏ రైతునకును ఇకమీదట యూరియా సరఫరా చేయబడదు. పూర్ణ నిశ్చయము కలవారు మాత్రమే అర్హులు."

ఊట్లవారిపాలెంలో ఈ ఉత్తర్వు విని అందరికంటే ఎక్కువ కంగారుపడినవాడు జక్రయ్య. ఊట్లవారిపాలెం కృష్ణ కాలవకు చిట్టచివరి ఊరు. ఆ ఊరి పొలాల్లో జక్రయ్య చేసే చేను చిట్టచివరిది. దాని తర్వాత ఇక మురుగు కాలవే. చేను పిచ్చేశ్వరరావు గారిది. ఆయన తెనాలిలో ఉంటారు. కౌలు నోటి మాట మీద నడుస్తుంది. కాయితం రాయమంటే ఆయన ముఖం మాడ్చుకుంటారు, కాయితం పుడితే పొలం పోతుందని ఆయన భయం.

నాట్లు పడి నెల దాటింది. పైరు పిలకలు వేసి, కంకి కట్టే చిరుపొట్ట దశకు సిద్ధమవుతోంది. ఈ అదనులో పై ఎరువుగా యూరియా పడాలి. పడకపోతే కంకి చిన్నదైపోతుంది. ఆసామికి కౌలు బస్తాలు కొలిచాక ఇంటికి తిండిగింజలు మిగలవు. అప్పుడే ఆకుల కొసలు పసుపెక్కుతున్నాయి. జక్రయ్య రోజూ పొద్దున్నే గట్టు మీద నిలబడి వాటిని లెక్కపెట్టేవాడు.

అయితే యూరియాకు నిశ్చయం కావాలి. జక్రయ్యకు లేనిదల్లా అదే. లేకపోవడం కూడా కాదు, అది పైకి కనబడనివ్వకుండా బతకడమే కౌలు రైతు పని. 'చేనెట్టా ఉంది?' అని ఎవరైనా అడిగితే 'బ్రహ్మాండంగా ఉంది' అనకూడదు. అంటే దిష్టి సంగతి దేవుడెరుగు, ఆ మాట సాయంత్రానికల్లా తెనాలి చేరుతుంది, కౌలు పెరుగుతుంది. 'బాగాలేదు' అనీ అనకూడదు. అంటే వీడికి చేతకాదని పొలం ఇంకొకడికి పోతుంది. అందుకని 'ఏదో, అట్టా ఉందండీ' అనాలి. జక్రయ్య తండ్రి అలాగే అన్నాడు, తాత అలాగే అన్నాడు. పెళ్లిచూపుల్లో పిల్ల నచ్చిందా అని అడిగినా జక్రయ్య 'ఏదో, అట్టా ఉందండీ' అనే అన్నాడు. సువార్తమ్మ ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేదు.

ఎరువుల కేంద్రం ముందు కొత్తగా నిశ్చయ కౌంటర్ వెలిసింది. అందులో నిశ్చయాధికారి డాక్టర్ చిదానందం గారు కూర్చున్నారు. మంచి మనిషి. లంచం ముట్టడు, అబద్ధం ఆడడు, ఉత్తర్వులో ఉన్నది ఉన్నట్టు నమ్ముతాడు. ఈ మూడు గుణాలూ ఒక్కడిలో ఉంటే చుట్టుపక్కలవాళ్లకు ఎంత ప్రమాదమో అప్పటికింకా ఎవరికీ తెలియదు.

"పేరు?"

"జక్రయ్యండి."

"నిశ్చయంగా?"

జక్రయ్య తడబడ్డాడు. "అంటే... బళ్లో ప్రకాశరావని రాశారండి. ఎవురూ పిలవరండి."

చిదానందం గారు 'పేరునందే అనిశ్చితి' అని రాసుకున్నారు. "వచ్చే గురువారం కాదు, ఆ పై గురువారం ఏకకాల ఎరువుల దినోత్సవం. మండలమంతా ఒకేసారి చల్లాలి. ఆ రోజు వాన పడుతుందా, పడదా?"

"పడొచ్చండి. పడకపోవొచ్చండి."

"రెండింటిలో ఒకటి చెప్పాలయ్యా."

"రెండిట్లో ఒకటే గదండీ జరిగేది."

"ఎకరానికి ఎంత పండిస్తావు?"

జక్రయ్య వెనక్కి తిరిగి వరసలో ఎవరెవరున్నారో చూసుకున్నాడు. పిచ్చేశ్వరరావు గారి బామ్మర్ది గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. "ఏదో, అట్టా పండిద్దండీ."

"వచ్చే ఏడు సదరు పొలాన్ని నువ్వే సాగు చేస్తావా?"

"అది ఆసామిగారిని అడగాలండి."

"ఆయన ఏమంటారు?"

"చూద్దాంలే అంటారండి. ఏటా అదే అంటారండి."

చిదానందం గారు జాలిగా తల పంకించారు. "తీవ్ర అనిశ్చితి. ద్వితీయ దశ. శిక్షణకు సిఫారసు చేస్తున్నాను. తరవాత!"

తరవాతి వాడు కాశిం సాయిబు. జక్రయ్య చేనికి ఎగువ చేను అతనిదే, అదీ కౌలుదే. వయసులో ఉండగా బుర్రకథ దళంలో వంత పాడినవాడు. వాన పడుతుందా అన్న ప్రశ్న పూర్తి కాకముందే బల్ల గుద్దాడు.

"పడదు! ఆ గురువారంనాడు ఆకాశంలో అరచెయ్యంత మబ్బు కనపడినా సరే, నడిబజార్లో నిలబడి మీసం తీయించుకుంటా!"

"ఎంత పండిస్తావు?"

"గాదె పగిలిద్ది!"

"వచ్చే ఏడు?"

"నేనే! ఆ పై ఏడూ నేనే! మా ఆసామి వచ్చి బతిమాలతాడు, రాసుకోండి!"

చిదానందం గారి కళ్లు చెమర్చాయి. సాయిబుకు రెండు బస్తాలు ఇప్పించారు. అయితే ప్రమాణం చేసిన గురువారం దాకా మూతి విప్పకుండా వాటికి లక్కసీలు వేయించారు. సాయిబు బస్తా భుజానికెత్తుకుంటూ జక్రయ్య చెవిలో అన్నాడు. "ఒరే పిచ్చోడా, అడిగిందానికి అరిస్తే సరిపాయె. నిజం చెప్పమని ఎవుడడిగాడ్రా నిన్ను?"

శిక్షణ పంచాయతీ ఆఫీసు ముందు షామియానాలో పెట్టారు. ఒక బోర్డు మీద నిషిద్ధ పదాలు రాశారు. చూద్దాం. ఏమో. కావచ్చు. వస్తే. ఉంటే. దేవుడి దయ. రాసిపెట్టి ఉంటే. వీటిలో ఏది పలికినా ఆ రోజు శిక్షణ మళ్లీ మొదటినుంచి. 'ప్రభువు చిత్తమైతే' అన్నది కూడా జాబితాలో చేరేసరికి పాస్టరుగారు వచ్చి, వారానికి ఒక్క గంట, చర్చి గోడల లోపల అనుకోవడానికి మినహాయింపు రాయించుకుని వెళ్లారు.

ప్రతి జవాబుకూ తొడ చరచాలని నేర్పారు. తొడ చరిచిన మనిషికి సందేహం నిలవదని శాఖవారి నమ్మకం. సాయంత్రం ఇంటికొచ్చి జక్రయ్య తొడకు కొబ్బరినూనె రాసుకుంటూ సువార్తమ్మ చేత ప్రశ్నలు అడిగించుకునేవాడు.

"ఇయ్యాల కూరేంది?"

"వంకాయ!" తొడ చరిచాడు.

"కాదు, గోంగూర. అయినా బానే అరిచావులే. వానొచ్చిద్దా?"

"రాదు!"

"పంటెంత?"

"ఊళ్లో ఎవురికీ పండనంత!"

"వచ్చే ఏడు పొలం మనకే ఉండిద్దా?"

జక్రయ్య చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆ ప్రశ్న తనను తానే ఎన్నిసార్లు వేసుకున్నాడో. దానికి అబద్ధమైనా సరే, ఒక్కసారి 'ఉంటుంది' అని గట్టిగా అనాలని అతనికి ఎంతో ఆశగా ఉంది. చెయ్యి దించి కొబ్బరినూనె సీసా మూత బిగించాడు. సువార్తమ్మకు గుండె చివుక్కుమంది.

"ఇంటో నాకాడ అనలేనోడివి ఆయన ముందేం అంటావయ్యా? అను. ఉత్త మాటేగా. మాటకి ఏం పోద్ది?"

"ఉండిద్ది," అన్నాడు జక్రయ్య మెల్లగా. మళ్లీ అన్నాడు. మూడోసారి తొడ చరిచి అరిచాడు. పక్కింటివాళ్లు లేచి వచ్చి, ఏం ఉంటుందని అడిగారు.

పరీక్షలో జక్రయ్య అదరగొట్టాడు. వాన పడదన్నాడు. ఊళ్లో ఎవరికీ పండనంత పండిస్తానన్నాడు. వచ్చే ఏడే కాదు, తను బతికున్నంతకాలం ఆ చేను తనదేనన్నాడు. ఆ ఊపులో, ప్రకాశరావు తన పేరు కానే కాదన్నాడు. చిదానందం గారు స్వయంగా లేచి వచ్చి 'పూర్ణ నిశ్చయ ధ్రువపత్రం' చేతికిచ్చారు. అయితే మొదటి విడత వాళ్లు ఉన్న బస్తాలన్నీ ఎత్తుకుపోయారు, కొత్త లోడు రావాలి.

ధ్రువపత్రం నకలు ఒకటి భూయజమానికి సమాచార నిమిత్తం పంపాలని ఉత్తర్వులో ఉంది. చిదానందం గారు ఉన్నది ఉన్నట్టు చేసే మనిషని ముందే చెప్పుకున్నాం.

మర్నాడే పిచ్చేశ్వరరావు గారు కారులో దిగారు. పొలం గట్టు మీదకు రాకుండా రోడ్డు మీదే నిలబడి జక్రయ్యను పిలిపించారు.

"ఏరా, బతికున్నంతకాలం నీదేనట గదరా నా పొలం?"

"అయ్యా, అది అరవమంటే అరిచానండి."

"ఊళ్లో ఎవడికీ పండనంత పండిద్దట?"

"అదీ అరవమన్నదేనండి. చేను చూడండి బాబూ, ఎట్టా పసుపెక్కిందో. యూరియా పడకపోతే..."

"గవర్నమెంటు సీలు గుద్దిన కాయితం అబద్ధమా, నీ ఏడుపు అబద్ధమా? అంత పండేటప్పుడు పాత కౌలు ఏం కౌలురా? ఈ కోతకే రెండు బస్తాలు పెంచుతున్నా. ఇక నీ బతికున్నంతకాలం సంగతంటావా, కోతయ్యాక చూద్దాం."

జక్రయ్య పరుగెత్తుకుంటూ కౌంటర్‌కు వెళ్లాడు. తన నిశ్చయం వెనక్కి తీసుకొమ్మని, తనను ఎప్పటిలా అనిశ్చితుడిగా రాసుకొమ్మని కాళ్లావేళ్లా పడ్డాడు. చిదానందం గారు ఉత్తర్వు అటూ ఇటూ తిప్పి చూశారు.

"అనిశ్చితి నుంచి నిశ్చయానికి మార్గం ఉందయ్యా. నిశ్చయం నుంచి అనిశ్చితికి పోవడానికి నిబంధనల్లో వీలు లేదు. అయినా నీకేం తక్కువ? యూరియాకు అర్హుడివి."

"మరి ఆ యూరియా ఎప్పుడొచ్చిద్దండి?"

"పైనుంచి రావాలి. ఇవాళో రేపో రావచ్చు. చూద్దాం."

జక్రయ్య మామూలుగా ఆ మాటకు తలూపి వచ్చేసేవాడే. కానీ శిక్షణ మహిమ, నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. "అయ్యా, 'చూద్దాం' అనగూడదు గదండీ. 'రావచ్చు' అని కూడా అన్నారండి."

చిదానందం గారి ముఖం పాలిపోయింది. మరొకరైతే జక్రయ్యను కసిరి పంపించేవారు. ఆయన ధర్మాత్ముడు. అక్కడికక్కడే కుర్చీలోంచి లేచి, నిశ్చయ కౌంటర్‌లో అనిశ్చితి బయటపడినదనీ, అది తనదేననీ, ఉత్తర్వు ప్రకారం ఈ కేంద్రం ఎరువుల సరఫరాకు అనర్హమనీ పైకి తానే ఫిర్యాదు రాసుకున్నారు.

ఫిర్యాదు డివిజన్ ఆఫీసుకు వెళ్లింది. లోడు ఎప్పుడని విచారిస్తే డివిజన్ అధికారి "పైనుంచి వస్తే పంపుతాం" అన్నారు. 'వస్తే' నిషిద్ధం. డివిజన్ అనర్హమైంది. జిల్లా అధికారి "ప్రయత్నిస్తున్నాం" అన్నారు. ఆ మాట జాబితాలో లేదు గానీ, దాని అర్థం ఏమిటో ఎవరూ నిశ్చయంగా చెప్పలేకపోయినందువల్ల జిల్లా కూడా అనర్హమైంది. విచారణ అలా పాకుతూ పాకుతూ రేవు దాకా పోయింది. అక్కడ ఓడ నిండా యూరియా ఉంది. దించడానికి ముందు ఓడ కెప్టెన్‌ను, ఇంకో ఓడ ఎప్పుడొస్తుందని దుబాసీని పెట్టి అడిగితే, సముద్రం సంగతి ఎవరు చెప్పగలరని నవ్వాడట. ఓడను తీవ్ర అనిశ్చితి కింద రాసి, సరుకు దించకుండా ఆపేశారు.

ఇక శాఖ మొత్తానికి శిక్షణ ఇవ్వక తప్పలేదు. బోధించేవాడికి పూర్ణ నిశ్చయ ధ్రువపత్రం ఉండి తీరాలి. శాఖలో ఎవరికీ లేదు. ఉన్నది కౌలు రైతులకే. ఆ విధంగా ఊట్లవారిపాలెం షామియానా కింద, ప్యాంట్లు వేసుకుని కళ్లజోళ్లు పెట్టుకున్న పెద్దలంతా బల్లల మీద కూర్చోగా, జక్రయ్య ముందు నిలబడి తొడ చరచడం నేర్పాడు.

"గట్టిగా అనండయ్యా, సిగ్గుపడితే రాదు. లోడు గురువారం పొద్దున్నే వచ్చిద్ది!"

"లోడు గురువారం ప్రాతఃకాలమున వచ్చును!" అని శాఖంతా తొడ చరిచింది.

జక్రయ్యకు నవ్వు రాలేదు. ఇంతమంది ఇంత గట్టిగా అంటే నిజంగానే వస్తుందేమోనని లోలోపల ఆశ పుట్టింది. ఆశ పుట్టినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

అందరికీ ధ్రువపత్రాలు అందాయి. లోడు రావడం నిశ్చయమైపోయింది గనక, అది వచ్చినట్టే రాసేశారు. వచ్చింది గనక పంచినట్టు రాశారు. బుధవారం సాయంత్రం జక్రయ్య గంప పట్టుకుని వెళ్లేసరికి చిదానందం గారు చిరునవ్వుతో ఎదురొచ్చారు.

"నీ రెండు బస్తాలూ నీకు అందాయయ్యా."

"ఏయండీ?"

"నిశ్చయంగా అందాయి. రేపు చల్లడమే తరువాయి."

జక్రయ్య గంపలోకి చూశాడు. అటూ ఇటూ చూశాడు. కొద్దిగా దులిపి కూడా చూశాడు. ఇంటికొచ్చి సంగతి చెబితే సువార్తమ్మ ఆ గంపను ఎగరదన్నింది.

గురువారం తెల్లవారుతూనే ఆకాశానికి చిల్లు పడింది. కుండపోత. గట్టు మీద నిలబడితే పక్క గట్టు కనబడటం లేదు. చెప్పిన వేళకు జీపులు దిగాయి. అధికారుల చంకల్లో గొడుగులున్నాయి. ఎవరూ విప్పలేదు. గొడుగు విప్పితే వాన పడుతోందని ఒప్పుకున్నట్టు. చిదానందం గారు కళ్లజోడు మీద నీళ్లు కారుతుంటే, ముడిచిన గొడుగుతో నిటారుగా నిలబడి "ప్రారంభించండి" అన్నారు.

ఎగువ చేలో కాశిం సాయిబు సీలు విప్పిన బస్తా ముందు కూలబడ్డాడు. బస్తాలోనే యూరియా కరిగి కారుతోంది. అతని గొంతులో ఆ పాత దర్జా లేదు.

"అయ్యా, మీ కాళ్లు మొక్కుతా. కాస్త తగ్గేదాకా ఆగనీయండి."

"ఏం తగ్గేదాకా?" అన్నారు చిదానందం గారు.

సాయిబు నోరు తెరిచి ఆకాశం వంక చూపించాడు. ఆ మాట మాత్రం అనలేకపోయాడు. అంటే వచ్చే పంటకు అనర్హుడు. ఏడుస్తూ లేచి దోసిళ్లతో వానలోకి విసిరాడు. ఎగువనున్న చేలన్నింటిలోనూ అదే జరిగింది. తెల్లటి గుళికలు నేల తాకకముందే నీళ్లయి, గట్లు పొర్లి పల్లానికి పరుగెత్తాయి.

చిట్టచివరి చేలో జక్రయ్య ఖాళీ గంప చంకనెత్తుకుని, మోకాలి లోతు నీళ్లలో నడుస్తూ, పిడికిలి ముంచి తీసి గాలి చల్లాడు. మొదట సిగ్గేసింది. కాసేపటికి చేతికి అలవాటైన ఊపు వచ్చేసింది.

"ఆ మూల సరిగా పడలేదు," అన్నారు చిదానందం గారు గట్టు మీంచి.

జక్రయ్య వెనక్కి వెళ్లి ఆ మూల మళ్లీ చల్లాడు.

వాన వెలిసింది. పై చేల నీరంతా చిట్టచివరి చేలో చేరింది. దాటిపోదామంటే ముందు మురుగు కాలవ ఏనాటినుంచో గుర్రపుడెక్క మొక్కలతో పూడిపోయి ఉంది. నీరు కదలక అక్కడే నిలిచి, మెల్లగా ఇంకింది. వారం తిరిగేసరికి పై చేలు పసుపు తిరిగాయి, జక్రయ్య చేను కాకి వాలితే కనబడనంత నల్లగా లేచింది. కోతలనాడు కంకులు వంగి గట్ల మీద పడ్డాయి. పెంచిన కౌలు కొలిచినా ఇంట్లో బస్తాలు మిగిలాయి. వాటిలో నాలుగు, జక్రయ్య ఎవరూ చూడకుండా కాశిం సాయిబు ఇంట్లో దించి వచ్చాడు. పక్కవాళ్ల నోటి ముద్ద తను తిన్నట్టు అతనికి బాధగా ఉంది. సాయిబు వద్దనలేదు. "నా యూరియా తిన్న వడ్లేగా," అని మాత్రం అన్నాడు.

శాఖవారు చేను చూసి దిమ్మెరపోయారు. యూరియా నిజంగా చల్లినవాళ్లకు పంట లేదు. ఖాళీ గంప చల్లినవాడికి గాదె నిండింది. దీనివల్ల తేలేది ఒక్కటే. పంటకు కావలసింది ఎరువు కాదు, నిశ్చయమే. సన్మాన సభలో శాలువా కప్పుతుంటే జక్రయ్య ఉండబట్టలేక చిదానందం గారి చెవిలో చెప్పాడు.

"అయ్యా, నా గొప్పేం లేదండి. పై చేల యూరియా అంతా కొట్టుకొచ్చి నా చేలో పడిందండి."

చిదానందం గారు ఆప్యాయంగా అతని భుజం తట్టారు. "కొట్టుకు రావడానికి ఆ రోజు వాన పడలేదు కదయ్యా."

'ఖాళీ గంప విధానం' మండలమంతా అమలులోకి వచ్చింది. యూరియా తెప్పించడం మానేసి, లక్కసీలు వేసిన ఖాళీ గంపలు పంచారు. పేపర్లో బొమ్మ చూసిన పిచ్చేశ్వరరావు గారు మళ్లీ కారులో దిగారు. ఈసారి కోపంగా లేరు.

"ఎరువూ లేదు, ఖర్చూ లేదు, ఉత్త గంప ఊపితే పండే పొలానికి కౌలుదారెందుకురా? ఈ ఏడు నేనే చేసుకుంటా."

తాతనాటి నుంచి భయపడ్డ మాట చివరికి జక్రయ్య చెవిన పడ్డప్పుడు, అది చాలా మామూలుగా ఉంది. ఇంటికి వెళ్లి సువార్తమ్మకు చెప్పాడు, ఇద్దరూ కూర్చుని మిగిలిన బస్తాలు లెక్కపెట్టుకున్నారు.

పిచ్చేశ్వరరావు గారు సరదాగా నాలుగు గంపలు ఊపారు. అయిదో గంపకు భుజం పట్టేసింది. ఖాళీ గంప ఊపడానికి అనుభవజ్ఞుడు కావాలని ఊళ్లో విచారిస్తే అందరూ ఒక్క పేరే చెప్పారు. అలా జక్రయ్య కూలికి కుదిరాడు. పొద్దున వెళ్లి గాలి చల్లి, సాయంత్రం కూలి తీసుకుని వస్తాడు. వాన వచ్చినా రాకపోయినా కూలి వస్తుంది. ఎగువ చేలన్నింటిలోనూ ఖాళీ గంపలే గనక పల్లానికి కొట్టుకొచ్చేదేమీ లేదు. ఆకులు కొసల నుంచి పసుపెక్కుతూ వస్తున్నాయి.

ఇప్పుడు నిద్ర లేనిది పిచ్చేశ్వరరావు గారికి. రోజూ గట్టు మీదకు వచ్చి, చెప్పులు బురదలో దిగబడుతున్నా పట్టించుకోకుండా, జక్రయ్య చెయ్యి పట్టుకుని అడుగుతున్నారు. "వానొచ్చిద్దంటావా? పండిద్దంటావా? ఏదో ఒకటి చెప్పరా బాబూ." శాఖవారు శిక్షణకు రమ్మని ఆయనకు కబురు కూడా పంపారు.

ఒకనాటి సాయంత్రం జక్రయ్య కంచం ముందు కూర్చుని, ముద్ద కలిపి, అలాగే ఉండిపోయాడు. సువార్తమ్మ పులుసు పోస్తూ ఆగింది.

"ఏంది, తినవే?"

"చేను చచ్చిపోతందే. ఇయ్యాలో రేపో పిడికెడు యూరియా పడకపోతే ఇక లేవదు."

"నీకేంది? కూలి నీకొచ్చె. ఎండితే ఆయనదే ఎండిద్ది. మన చేను కాదుగా అది."

"కాదనుకో," అన్నాడు జక్రయ్య కంచం పక్కకు జరుపుతూ. "ఆ సంగతి చేనికి తెలవదు గదే."